పది రోజుల్లో పది శాతం కోత: 1870లో నార్త్ ఆడమ్స్‌కు చైనా కార్మికులు వచ్చినప్పుడు ఏం జరిగింది?

సంక్షిప్తంగా: 1870 జూన్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో నార్త్ ఆడమ్స్ అనే ఫ్యాక్టరీ పట్టణానికి 75 మంది చైనా యువకులు రైల్లో వచ్చారు. సమ్మెలో ఉన్న బూట్ల కార్మికుల స్థానంలో పని చేయించడానికి ఒక యజమాని వారిని తెప్పించాడు. రెండు వారాలు తిరగకముందే ఆ ఊళ్లోని ఇతర బూట్ల ఫ్యాక్టరీల్లోనూ కూలి తగ్గింది. తప్పు వచ్చినవారిదేనని అప్పట్లో చాలామంది నమ్మారు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధించిన చట్టానికి ఆ నమ్మకం బలమిచ్చింది. అయితే కూలిని దించినవి నాలుగు: యంత్రం, రైలు, దళారీ ఒప్పందం, పౌరసత్వ హక్కు లేకపోవడం. చట్టం వీటిలో దేనినీ సరిచేయలేదు.

అమెరికాలో చైనా కార్మికుల చరిత్ర అనగానే పడమటి కొండల్లో రైలు పట్టాలు వేసిన మనుషులు గుర్తుకొస్తారు. వారు వేసిన పట్టాల మీదుగానే వారి తోటివారు దేశానికి అటు చివరనున్న ఫ్యాక్టరీలకు చేరారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. వలస కార్మికుల వల్ల స్థానికుల కూలి పడిపోతుందా అన్న ప్రశ్న నేటికీ ప్రతి దేశంలో ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంది. ఆ ప్రశ్నను ఒక చిన్న ఊరి స్థాయిలో, పేర్లతో, అంకెలతో పరిశీలించే వీలు నార్త్ ఆడమ్స్ ఇస్తుంది.

కొండ కింద సొరంగం, నది పక్కన ఫ్యాక్టరీలు

నార్త్ ఆడమ్స్ మసాచుసెట్స్ వాయవ్య మూలన, బర్క్‌షైర్ కొండల మధ్య, హూసిక్ నది ఒడ్డున ఉంది. నీటి శక్తి దొరికే చోటు కావడంతో అక్కడ నూలు మిల్లులు, అద్దకపు కర్మాగారాలు, బూట్ల ఫ్యాక్టరీలు వెలిశాయి. ఊరికి తూర్పున ఉన్న కొండ బోస్టన్‌కు నేరుగా వెళ్లే దారికి అడ్డం. ఆ కొండను తొలిచి రైలు వేయాలని 1851లో మొదలుపెట్టిన హూసాక్ సొరంగం పని 1870 నాటికి ఇంకా సాగుతూనే ఉంది. దాదాపు ఏడున్నర కిలోమీటర్ల ఆ సొరంగంలో తొలి రైలు నడిచింది 1875లో. నైట్రోగ్లిజరిన్ పేలుళ్లు, కూలిన రాళ్లు, వరద నీరు కలిసి అక్కడ 200 మంది వరకు కార్మికుల ప్రాణాలు తీశాయి.

కాబట్టి ఆ ఊరికి వలస కార్మికులు కొత్త కాదు. సొరంగంలో ఐర్లండ్ నుంచి, ఇంగ్లండ్‌లోని గని ప్రాంతాల నుంచి వచ్చినవారు పనిచేసేవారు. మిల్లుల్లో, బూట్ల ఫ్యాక్టరీల్లో ఐరిష్‌వారితో పాటు కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచి మాటలాడే కుటుంబాలవారు ఉండేవారు. 1870లో సమ్మె చేసిన బూట్ల కార్మికుల్లోనూ అలా వచ్చినవారు చాలామందే ఉన్నారు. ఆ ఘటనను ‘స్థానికులు, పరాయివారు’ అనే రెండు ముక్కల్లో చెప్పేవారు ఈ సంగతిని దాటేస్తారు. ఒక తరం ముందు వచ్చినవారికీ ఆ రోజే దిగినవారికీ మధ్య జరిగిన పోటీ అది.

మనుషుల కంటే ముందు యంత్రం

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బూట్లు కుట్టడం ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన వృత్తి. ఇంటి వెనక చిన్న కొట్టంలో కూర్చుని తోలు కోయడం, పైభాగం కుట్టడం, అడుగు అమర్చడం అన్నీ చేతి పనితోనే సాగేవి. అటువంటి మనిషిని పనిలోంచి తీసేసి వేరొకరిని రేపే కూర్చోబెట్టడం యజమానికి సాధ్యమయ్యేది కాదు. కార్మికుడి బేరసారాల బలం అతని చేతి నైపుణ్యంలోనే ఉండేది.

1858లో లైమన్ బ్లేక్ అడుగు తోలును పైభాగానికి కలిపి కుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. గోర్డన్ మెకే దాన్ని కొని, మెరుగుపరచి, అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫ్యాక్టరీలకు అద్దెకిచ్చాడు. సైన్యానికి లక్షల జతల బూట్లు కావలసి రావడంతో ఆ యంత్రం త్వరగా పాతుకుపోయింది. చెక్క మేకులతో అడుగు బిగించే యంత్రాలూ వచ్చాయి. ఒక మనిషి చేసే పని చిన్న చిన్న భాగాలుగా విడిపోయింది, ఒక్కో భాగం కొన్ని వారాల్లో నేర్చుకోదగినదిగా మారింది.

1870 ఘటనకు అసలు పునాది ఇక్కడ పడింది. పనికి కొత్తవారిని తెచ్చి కొద్ది వారాల్లో తయారు చేసుకోవచ్చన్న స్థితి చైనా కార్మికులు రావడానికి ముందే ఏర్పడింది. వారు రాకపోయినా ఆ యంత్రాల ముందుకు ఎవరో ఒకరు వచ్చేవారే.

ఈ ప్రమాదాన్ని బూట్ల కార్మికులు ముందే పసిగట్టారు. 1867లో మిల్వాకీలో పుట్టిన ‘నైట్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్’ సంఘం మూడేళ్లలోనే అమెరికాలోని అతి పెద్ద కార్మిక సంఘాల్లో ఒకటయింది. చర్మకారుల పాలిట రక్షకుడిగా క్రైస్తవులు కొలిచే సాధువు పేరే దానికి పెట్టుకున్నారు. సంఘం నియమావళిలో అన్నిటికన్నా కీలకమైనది ఒకటుంది: సంఘం అనుమతి లేకుండా ఏ సభ్యుడూ కొత్తవారికి పని నేర్పకూడదు. యంత్రం తెరిచిన తలుపును నియమంతో మూయాలన్నది వారి ప్రయత్నం. అది తమ బతుకును కాపాడుకోవడానికి పెట్టుకున్న కంచె, అందులో అన్యాయం వెతకడం తేలిక. కానీ అప్పటికి నిరుద్యోగ భృతి లేదు, కనీస వేతన చట్టం లేదు. వారి చేతిలో ఉన్న ఏకైక ఆయుధం అది.

యజమాని, సమ్మె

నార్త్ ఆడమ్స్‌లోని బూట్ల ఫ్యాక్టరీల యజమానుల్లో కాల్విన్ శాంప్సన్ ప్రముఖుడు. 1870లో అతని కార్మికులకూ అతనికీ మధ్య వివాదం ముదిరింది. కార్మికులు కూలి పెంపు అడిగారు. పని గంటలు తగ్గించమన్నారు. సంఘం చందా కట్టనివారిని పనిలో ఉంచవద్దన్నారు. లాభాలను బట్టి కూలి నిర్ణయించేలా ఖాతా పుస్తకాలు చూపించమన్నారు. ఈ చివరి కోరిక అన్నిటికంటే లోతైనది. కూలి ఎంత అన్నదే కాక, దాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న అందులో ఉంది.

శాంప్సన్ మొదట మసాచుసెట్స్‌లోని మరో ఊరి నుంచి మనుషులను తెప్పించాడు. క్రిస్పిన్‌లు వారితో మాట్లాడి వెనక్కి పంపించారు. ఒకే భాష, ఒకే వృత్తి, ఒకే రాష్ట్రం కావడంతో ఆ సంభాషణ సాధ్యమైంది. సంఘం మాట చేరని చోటు నుంచి కార్మికులు కావాలని శాంప్సన్‌కు అప్పుడే తేలిపోయింది. తన ఫ్యాక్టరీ పర్యవేక్షకుడు జార్జ్ చేజ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపించాడు.

రైలు కలిపిన రెండు కూలి రేట్లు

ఏడాది ముందైతే ఈ ఆలోచన తట్టేది కూడా కాదు. పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూ ఇంగ్లండ్‌కు, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య రాష్ట్రాల ప్రాంతానికి, రావాలంటే పనామా మీదుగా ఓడల్లో, లేదా బళ్ల మీద మైదానాలు దాటి, వారాలు నెలలు పట్టేది. 1869 మే 10న యూటాలోని ప్రోమొంటరీ వద్ద సెంట్రల్ పసిఫిక్, యూనియన్ పసిఫిక్ అనే రెండు రైలు కంపెనీల పట్టాలు కలిశాయి. ఆ తర్వాత అదే ప్రయాణం రోజుల్లోకి కుదించుకుపోయింది.

కాలిఫోర్నియా వైపు నుంచి సియెరా నెవాడా కొండలను తొలుస్తూ వచ్చిన సెంట్రల్ పసిఫిక్ మార్గాన్ని నిర్మించింది ప్రధానంగా చైనా కార్మికులే. పని ఉధృతంగా సాగిన కాలంలో పది వేల మందికి పైగా ఉండేవారు. మొత్తం కూలీల్లో వారి వాటా ఎనభై, తొంభై శాతం. ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని తైషాన్, దాని చుట్టుపక్కల జిల్లాలవారు. అంతర్యుద్ధాలు, స్థానిక వంశాల మధ్య కలహాలు, భూమి కొరత, బ్రిటిష్ వాణిజ్యం తెచ్చిన ఒడిదుడుకులు ఆ జిల్లాల యువకులను సముద్రం దాటించాయి.

రైలు కంపెనీ వారికి నెలకు 30 డాలర్ల ప్రాంతంలో ఇచ్చింది. తిండి ఖర్చు వారిదే. తెల్లజాతి కూలీలకు కంపెనీ జీతంతో పాటు భోజనం, వసతి కూడా ఇచ్చేది. 1867 జూన్‌లో మూడు వేలకు పైగా చైనా కార్మికులు నెలకు 40 డాలర్లు, తక్కువ పని గంటలు కోరుతూ సమ్మె చేశారు. కంపెనీ ఆహార సరఫరా ఆపేసింది. కొండల మధ్య, సరుకు వచ్చే దారి ఒక్కటే ఉన్న చోట, ఆ సమ్మె వారం రోజుల్లో కూలిపోయింది. ‘చైనావారు సమ్మె చేయరు, ఎంతిచ్చినా పనిచేస్తారు’ అని ఆనాటి పత్రికలు తరచు రాసేవి. అమెరికాలో ఆ కాలపు అతి పెద్ద సమ్మెల్లో ఒకటి చేసినవారి గురించి రాసిన మాట అది.

పట్టాల పని ముగియగానే వేలాది మందికి పని పోయింది. కొందరు గనులకు, పొలాలకు, చాలామంది శాన్‌ఫ్రాన్సిస్కోలోని చుట్టల ఫ్యాక్టరీలకు, బూట్ల దుకాణాలకు మళ్లారు. కూలి అడిగే చేతులు పెరిగాయి, ఇచ్చే చోట్లు తగ్గాయి. అదే సమయంలో న్యూ ఇంగ్లండ్‌లో కూలి ఎక్కువ, సంఘం బలంగా ఉంది. రెండింటి మధ్య ఇప్పుడు రైలు ఉంది. పడమటి కూలి రేటును తూర్పుకు మోసుకురావడానికి ఒక టిక్కెట్టు చాలు.

ఒప్పందంలో ఏముంది

శాన్‌ఫ్రాన్సిస్కోలో క్వాంగ్ చాంగ్ వింగ్ అనే చైనా వ్యాపార సంస్థతో చేజ్ ఒప్పందం కుదుర్చుకున్నాడు. మనిషికి ఒక డాలర్ చొప్పున ఆ సంస్థకు కమీషన్. 75 మంది మూడేళ్ల పాటు పనిచేయాలి. మొదటి ఏడాది నెలకు 23 డాలర్లు, తర్వాత 26 డాలర్లు. వసతి, వంటచెరకు శాంప్సన్ ఇస్తాడు, తిండి వారి సొంతం. వేసవిలో రోజుకు 11 గంటల పని, చలికాలంలో పదిన్నర గంటలు. ఇంగ్లీషు తెలిసిన ఫోర్‌మన్ ఆ సింగ్‌కు నెలకు 60 డాలర్లు. ఎవరైనా చనిపోతే దేహాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు చేర్చే బాధ్యత కూడా ఒప్పందంలో ఉంది. ఎముకలైనా పుట్టిన ఊరికి చేరాలన్నది ఆ కార్మికులకు ప్రాణంతో సమానమైన విషయం.

నెలకు 26 పని రోజులు అనుకుంటే 23 డాలర్లంటే రోజుకు 88 సెంట్లు. సియెరా కొండల్లో ప్రాణాలకు తెగించి చేసిన పనికి వారి తోటివారికి అందిన దానికంటే కూడా ఇది తక్కువ.

ఈ ఏర్పాటు స్వభావం తెలుగువారికి అపరిచితం కాదు. కోరంగి, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలను మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లేవారు. పని ఇచ్చేవాడికీ చేసేవాడికీ మధ్య మేస్త్రీ నిలబడేవాడు. భాష తెలిసినది అతనికే, లెక్క తెలిసినది అతనికే. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపార సంస్థ, ఫోర్‌మన్ ఆ సింగ్ కలిసి నార్త్ ఆడమ్స్‌లో అదే స్థానంలో ఉన్నారు. కార్మికుడికి వచ్చే ఆదేశం, సమాచారం, ఫిర్యాదు చేసుకునే దారి అన్నీ ఒకే మనిషి గుండా పోతాయి. అలాంటి చోట కూలి తక్కువన్న విషయం కార్మికుడికి తెలిసినా, దాన్ని ఎవరితో పోల్చుకోవాలో, ఎవరిని అడగాలో తెలియదు. మూడేళ్ల గడువు మీద సంతకం పెట్టాక వేరే ఫ్యాక్టరీకి వెళ్లి ఎక్కువ అడిగే దారి కూడా మూసుకుపోతుంది. మార్కెట్‌లో కూలిని పెంచే మామూలు శక్తి, అంటే పని మానేసి మరో చోటికి వెళ్లగలగడం, ఈ ఒప్పందంతోనే పోయింది.

జూన్ 13, తర్వాతి రోజులు

1870 జూన్ 13న రైలు నార్త్ ఆడమ్స్ స్టేషన్‌లో ఆగేసరికి జనం గుమిగూడారు. కొందరు కేకలు వేశారు, రాళ్లు విసిరారు. పోలీసు కాపలా మధ్య కొత్తవారిని ఫ్యాక్టరీకి నడిపించారు. వారికి బస, వంట, పడక అన్నీ ఫ్యాక్టరీ ఆవరణలోనే. వారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల లోపువారు. బూట్ల పని చాలామందికి కొత్త.

మూడు నెలలు గడిచేసరికి, సమ్మెకు ముందు అదే సంఖ్యలో ఉన్న కార్మికుల కంటే వీరు ఎక్కువ ఉత్పత్తి చేస్తున్నారని నివేదికలు వచ్చాయి. శాంప్సన్‌కు వారానికి 840 డాలర్లు, అంటే ఏడాదికి దాదాపు 44 వేల డాలర్లు మిగులుతోందని ఆనాటి ఒక పత్రిక లెక్క కట్టింది. యజమానులు ఆ అంకెను ఉత్సాహంగా పంచుకున్నారు, కార్మిక సంఘాలు భయంతో పంచుకున్నాయి.

అంతకంటే ఆలోచించదగిన పరిణామం శాంప్సన్ ఫ్యాక్టరీ గోడల బయట జరిగింది. చైనా బృందం వచ్చిన పది రోజుల్లోనే ఊళ్లోని పార్కర్ బ్రదర్స్, కేడీ బ్రదర్స్ తదితర బూట్ల కంపెనీలు తమ కార్మికులను 10 శాతం తక్కువ కూలికి తిరిగి పనిలోకి రప్పించగలిగాయి. ఆ కంపెనీల్లో ఒక్క చైనా కార్మికుడు కూడా లేడు. అప్పటికి వచ్చిన 75 మంది ఇంకా యంత్రం తిప్పడమే నేర్చుకుంటున్నారు. వారి ఉత్పత్తితో బూట్ల ధర తగ్గి, దాని వల్ల కూలి పడిపోయేంత సమయం కాలేదు. కూలిని దించింది వారి పని కాదు, ‘కావాలంటే మేమూ తెప్పించగలం’ అన్న యజమానుల బెదిరింపు. ఆ బెదిరింపుకు నిజమైన రుజువుగా 75 మంది ఎదురుగా కనిపించడంతో సరిపోయింది.

వలసలు, కూలి రేట్ల మీద సాగే చర్చల్లో ఎందరు వచ్చారు అన్న లెక్కకే ప్రాధాన్యం దక్కుతుంది. నార్త్ ఆడమ్స్ అనుభవంలో సంఖ్య పాత్ర అతి స్వల్పం. 1870 జనగణనలో అమెరికా మొత్తం మీద చైనీయులు 63 వేల మంది, దేశ జనాభాలో వెయ్యికి ఇద్దరు కూడా లేరు. మసాచుసెట్స్ రాష్ట్రం మొత్తంలో వందకు లోపే.

సంఘం చేసిన రెండు ప్రయత్నాలు

క్రిస్పిన్‌లు మొదట చేసిన పని చాలామంది ఊహించనిది. చైనా కార్మికులతో సంఘ శాఖ ఒకటి ఏర్పాటు చేయడానికి ప్రయత్నించారు. నియమావళి ప్రకారం కొత్తవారికి పని నేర్పడమే నేరం అయిన సంఘం, తమ స్థానంలో వచ్చినవారిని సభ్యులుగా పిలవడానికి సిద్ధపడింది. ఆ ప్రయత్నం ఫలించలేదు. భాష తెలిసిన ఒకే ఒక్కరు యజమాని నుంచి అందరికంటే ఎక్కువ జీతం తీసుకుంటున్న ఫోర్‌మన్. పైగా మూడేళ్ల ఒప్పందం. దారి ఎక్కడా లేదు. కొందరు క్రిస్పిన్‌లు తామే ఒక సహకార బూట్ల ఫ్యాక్టరీ తెరిచారు.

ఆ తలుపు మూసుకున్నాక సంఘాల భాష మారింది. జూన్ చివరలో బోస్టన్‌లో జరిగిన పెద్ద సభలో అమెరికా కార్మికుడి బతుకును చైనావారి ‘అన్నం, ఎలుకల’ స్థాయికి దిగజారుస్తున్నారంటూ తీర్మానం చేశారు. ఒప్పందంపై రావలసిన కోపం మనుషుల తిండి మీదకు, రంగు మీదకు మళ్లింది. న్యూయార్క్‌లోనూ సభలు జరిగాయి. కాలిఫోర్నియాకే పరిమితమైన చైనా వ్యతిరేక ఉద్యమం తూర్పు తీరంలో కాలూనింది ఈ కొద్ది వారాల్లోనే.

ఆ గందరగోళంలో స్పష్టంగా మాట్లాడినవారూ ఉన్నారు. బానిసత్వ వ్యతిరేక పోరాటంలో పేరుపొందిన వెండెల్ ఫిలిప్స్ ఆ జులైలోనే ఒక తేడాను ముందుంచాడు. ఏ జాతివారైనా తమంతట తాము వస్తే స్వాగతించాలి, ఓటు హక్కుతో సహా పౌరులను చేయాలి, కానీ పెట్టుబడిదారులు మనుషులను గుంపులుగా దిగుమతి చేసుకోవడాన్ని అడ్డుకోవాలి అన్నది అతని వాదన సారాంశం. 1870 చర్చలో అసలు విషయాన్ని తాకిన మాట ఇదే. ఒక మనిషి రావడానికీ, ఒక మనిషిని సరుకులా రప్పించడానికీ ఉన్న తేడా మీద చట్టం నిలబడి ఉంటే, తర్వాతి చరిత్ర వేరుగా ఉండేది.

ఆ నెలలోనే సెనేట్‌లో అవకాశం వచ్చింది కూడా. పౌరసత్వ చట్టంలో ‘తెల్లవారు’ అన్న మాటను తీసేయాలని మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ సవరణ తెచ్చాడు. చైనావారికి పౌరసత్వం దక్కుతుందన్న భయంతో సెనేట్ చివరికి దాన్ని తిరస్కరించింది. 1870 చట్టం ఆఫ్రికా మూలాలవారికి పౌరసత్వ దారి తెరిచింది. ఆసియావారికి తెరవలేదు. దాని ఫలితం నేరుగా కూలి మీద పడింది. ఓటు లేనివారి గురించి ఏ రాజకీయ నాయకుడూ ఆలోచించనవసరం లేదు. ఓటు లేనివారిని సంఘంలో చేర్చుకుంటే రాజకీయంగా వచ్చే లాభమూ లేదు. చౌకగా దొరకడమన్నది ఆ కార్మికులతో పాటు ఓడలో వచ్చిన లక్షణం కాదు, అమెరికా చట్టం వారికి తగిలించినది.

ఊళ్లో పదేళ్లు

రాళ్లతో మొదలైన కథ నార్త్ ఆడమ్స్‌లో రక్తపాతంగా మారలేదు. చర్చిల ఆధ్వర్యంలో ఆదివారం పాఠశాలలు తెరిచి ఊరి మహిళలు ఆ యువకులకు ఇంగ్లీషు నేర్పారు. మత ప్రచారం దాని ఉద్దేశంలో ఒక భాగం, అయినా వారానికోసారి ఎదురెదురుగా కూర్చోవడం దానంతటదే ఒక పరిచయం. ఫోర్‌మన్ మధ్యవర్తిత్వం లేకుండా మాట్లాడగలిగే దారి తొలిసారి అక్కడ ఏర్పడింది. వారు వచ్చిన తొలి రోజుల్లో ఫ్యాక్టరీ గోడ ముందు బారుగా నిలబెట్టి తీసిన ఫొటో దేశమంతా తిరిగింది. తర్వాతి కాలంలో అదే యువకులు సొంత డబ్బుతో ఊళ్లోని స్టూడియోలకు వెళ్లి, మంచి బట్టలతో ఒక్కొక్కరుగా ఫొటోలు తీయించుకున్నారు.

వారిలో అందరికీ తెలిసిన పేరు లూ గిమ్ గాంగ్. తైషాన్ ప్రాంతం నుంచి బాలుడిగా అమెరికా వచ్చి నార్త్ ఆడమ్స్ చేరాడు. ఆదివారం పాఠశాలలో అతనికి చదువు చెప్పిన ఫ్యానీ బర్లింగేమ్, అమెరికా-చైనాల మధ్య 1868లో స్వేచ్ఛా వలస ఒప్పందం కుదిర్చిన ఆన్సన్ బర్లింగేమ్‌కు బంధువు. ఆమె కుటుంబం అతన్ని తమ ఇంట్లోనే ఉంచుకుంది. క్షయ సోకడంతో వెచ్చటి వాతావరణం కోసం ఫ్లోరిడాలోని డిలాండ్ చేరిన అతను అక్కడ నారింజ తోటల్లో పరాగ సంపర్క ప్రయోగాలు చేశాడు. చలిని తట్టుకుని చెట్టున ఎక్కువకాలం నిలిచే నారింజకు అతని పేరే పెట్టారు. 1911లో పండ్ల సాగును అధ్యయనం చేసే అమెరికన్ పోమలాజికల్ సొసైటీ అతనికి వైల్డర్ పతకం ఇచ్చింది. ‘అన్నం, ఎలుకలు’ అని తీర్మానాలు చేసిన కాలంలో ఆ ఊరు ఇచ్చిన చదువు ఫలితం అది.

శాంప్సన్ మొదటి ఒప్పందం ముగిశాక కొందరిని కొనసాగించాడు, కొత్తవారినీ తెచ్చాడు. 1880 నాటికి ఆ ఫ్యాక్టరీలో చైనా కార్మికులు మిగలలేదు. కారణం ద్వేషం కంటే లెక్క. 1873 ఆర్థిక సంక్షోభం దేశమంతటా కూలిని పడగొట్టింది. క్రిస్పిన్ సంఘం 1870ల మధ్యకల్లా చెదిరిపోయింది. స్థానికంగానే తక్కువకు చేతులు దొరుకుతున్నప్పుడు ఖండం అవతల నుంచి టిక్కెట్టు పెట్టి తెప్పించవలసిన అవసరం యజమానికి తీరిపోయింది. వెళ్లినవారిలో కొందరు బోస్టన్ చేరి అక్కడి చైనాటౌన్‌కు తొలి నివాసులయ్యారని చెబుతారు.

రాక్ స్ప్రింగ్స్‌తో పోల్చినప్పుడు

అదే పద్ధతి వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో వేరే దారి పట్టింది. అది యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ బొగ్గు గనుల ఊరు. 1875లో గని కార్మికులు సమ్మె చేస్తే కంపెనీ చైనా కార్మికులను దించింది. సమ్మె ఓడిపోయింది, కానీ ఓడినవారిలో కొందరూ వచ్చినవారూ అదే గనుల్లో పక్కపక్కనే పదేళ్లు పనిచేశారు. 1885 నాటికి గనుల్లో చైనావారు మూడు వందలకు పైగా, తెల్లవారు అందులో సగం. ఆ సెప్టెంబరు 2న గనిలో ఏ గదిలో ఎవరు తవ్వాలన్న తగాదా మొదలై, సాయంత్రానికి చైనావారి బస్తీ మొత్తం బూడిదైంది. కనీసం 28 మంది చైనీయులు హత్యకు గురయ్యారు. ఎవరికీ శిక్ష పడలేదు. సైన్యం కాపలాలో బతికినవారిని తిరిగి తెచ్చి కంపెనీ గనులు తెరిచింది. చైనా ప్రభుత్వ ఒత్తిడి తర్వాత అమెరికా కాంగ్రెస్ ఆస్తి నష్టానికి సుమారు 1,47,000 డాలర్లు చెల్లించింది.

రెండు ఊళ్లలోనూ సమ్మెను ఓడించడానికే మనుషులను తెచ్చారు. తేడా ఇతర పరిస్థితుల్లో ఉంది. నార్త్ ఆడమ్స్‌లో పని ఇచ్చేవారు అనేకులు, పని పోయినవాడు పక్క ఫ్యాక్టరీకో మిల్లుకో వెళ్లగలడు. రాక్ స్ప్రింగ్స్‌లో గని, దుకాణం, రైలు అన్నీ ఒకే కంపెనీవి. ఓడినవాడికి వెళ్లే చోటు లేదు. న్యూ ఇంగ్లండ్ ఊళ్లో చర్చి, బడి, కోర్టు పాతుకుపోయి ఉన్నాయి. గని ఊళ్లో చైనావారి బస్తీ ఊరికి ఎడంగా ఉంది. కాలం కూడా ఒకటి కాదు: 1885 నాటికి చైనావారు దేశంలో ఉండదగనివారని చట్టమే చెప్పి మూడేళ్లయింది. హింసకు దిగినవారికి ఆ చట్టం ఒక రకమైన అనుమతిగా కనిపించింది.

చట్టం ఎవరిని ఆపింది

1882లో కాంగ్రెస్ చైనా కార్మికుల రాకను పదేళ్ల పాటు నిషేధించింది, అప్పటికే ఉన్నవారికి పౌరసత్వాన్నీ నిరాకరించింది. మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ ఫ్రిస్బీ హోర్ దాన్ని గట్టిగా వ్యతిరేకించినవారిలో ఒకడు. 1892లో పొడిగింపు, 1904లో గడువే లేకుండా చేయడం.

కానీ న్యూ ఇంగ్లండ్ ఫ్యాక్టరీల్లో కూలి పోటీ ఆగలేదు. 1881లో, అంటే శాంప్సన్ ఫ్యాక్టరీ నుంచి చివరి చైనా కార్మికుడు వెళ్లిపోయిన వెంటనే, మసాచుసెట్స్ కార్మిక గణాంక విభాగం నివేదికలో ఒక వాక్యం అచ్చయింది: కెనడా ఫ్రెంచివారు తూర్పు రాష్ట్రాల చైనావారు. తక్కువ కూలికి వస్తారు, స్థిరపడరు, పౌరులు కారు అన్నది ఆరోపణ. పదకొండేళ్ల ముందు నార్త్ ఆడమ్స్‌లో చైనావారి రాకతో పని కోల్పోయిన వారిలో అదే ఫ్రెంచి కెనడా కుటుంబాలవారు ఉన్నారు. ఆ సమాజం తీవ్రంగా నిరసించింది, విభాగం బహిరంగ విచారణ జరపవలసి వచ్చింది. చైనావారికి అలా అడిగే వేదిక ఎన్నడూ దొరకలేదు.

కార్మిక సంఘాల ఒత్తిడితో 1885లో మరో చట్టం వచ్చింది. విదేశాల నుంచి ముందస్తు ఒప్పందంతో కార్మికులను తెప్పించడాన్ని అది నిషేధించింది. ఫిలిప్స్ చూపిన తేడాకు దగ్గరగా వచ్చిన చట్టం ఇదే. అయితే అది 1870కి ముందే ఉండి ఉన్నా శాంప్సన్‌ను ఆపేది కాదు. అతను తెప్పించినవారు అప్పటికే అమెరికా గడ్డ మీద, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నారు. దేశం లోపలి దళారీ ఒప్పందం, కార్మికుడు గడువు ముగిసేదాకా పని మానలేని షరతు, సమ్మె సమయంలో బయటివారిని దించే హక్కు చెక్కుచెదరలేదు.

నిషేధపు పరిధి మాత్రం పెరుగుతూ పోయింది. 1917లో ఆసియాలో చాలా భాగాన్ని, భారతదేశంతో సహా, వలసకు అనర్హమైన ప్రాంతంగా ప్రకటించారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1870లో సమ్నర్ తొలగించాలని అడిగిన మాటే ఆ తీర్పుకు ఆధారం. చైనీయులపై నిషేధం 1943లో, రెండో ప్రపంచ యుద్ధంలో చైనా మిత్రదేశం అయ్యాక, తొలగింది. ఏడాదికి 105 మందికి అనుమతి. భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 మంది కోటా 1946లో వచ్చాయి.